టూ వీల్ డ్రైవ్ పికప్ ముందు భాగాన్ని స్పేసర్లతో లేపడం సబబేనా?

చెరువుగట్టు (భీమవరం):
నా టూ వీల్ డ్రైవ్ పికప్‌కు ముందు డబుల్ విష్‌బోన్‌తో (చక్రాన్ని పైనొకటి, కిందొకటి పట్టి ఉంచే రెండు ఆర్మ్‌లతో) కాయిల్ స్ప్రింగులు, వెనుక కమాను కట్టలు ఉన్నాయి. ఖాళీగా ఉన్నప్పుడు బండి ముక్కు వెనుక భాగం కంటే దాదాపు రెండంగుళాలు కిందికి వాలి ఉంటుంది. రొయ్యల చెరువు గట్టు ఎక్కేటప్పుడు ముందు బంపరు మట్టిని గీసుకుంటోంది. షాక్ అబ్జార్బర్ల పైన స్పేసర్లు (ఎత్తు పెంచే దిమ్మలు) వేసి సమం చేస్తానని మెకానిక్ అంటున్నాడు. మేత సంచులు మోసే బండికి ఇది మంచిదేనా?

రాజోలు వాసి:
వద్దండి. వెనుక ఎత్తుగా ఉండటం లోపం కాదు. బరువు పడ్డాక కమాన్లు దిగి బండి సమానంగా రావాలనే అలా తయారు చేస్తారు. పాతిక కిలోల మేత సంచులు నలభై వేస్తే టన్ను అవుతుంది. ఖాళీగా ఉన్నప్పుడే సమం చేసిన బండిలో ఆ టన్ను ఎక్కిస్తే ముక్కు పైకి లేచి, హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో కొడతాయి. రాత్రివేళ చించినాడ వంతెన మీద అటువంటి బండి ఎదురైతే ఎంత ఇబ్బందో మన వైపు వారికి చెప్పనక్కరలేదు. పైగా, తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షనుపై సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పింది.

కాలువ రోడ్డు (అమలాపురం):
బరువు సంగతి నిజమే కానీ, బంపరు తగిలేది ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడే కదండీ. మా లంకల్లో తూము దాటే ప్రతిచోటా ఇదే బాధ. ఫోర్ వీల్ డ్రైవ్ బండిని లేపితే ముందు చక్రాల యాక్సిల్ జాయింట్ల కోణం పెరిగి అవి త్వరగా అరుగుతాయన్న భయం ఉంటుంది. టూ వీల్ డ్రైవ్‌లో ముందు యాక్సిళ్లే ఉండవు. నా బండికి స్పేసర్లు వేయించాను, సుఖంగానే ఉంది.

అలైన్‌మెంట్ పనివాడు (తణుకు):
యాక్సిళ్లు లేకపోయినా ఆర్మ్‌లను చక్రానికి కలిపే బాల్ జాయింట్లు, స్టీరింగుకు కలిపే టై రాడ్లు ఉన్నాయి కదా, బండిని లేపితే వాటి కోణాలూ మారతాయి. షాక్ అబ్జార్బరు కింది ఆర్మ్‌కు చక్రం దగ్గర కాకుండా మధ్యలో బిగుస్తుంది కాబట్టి, పైన అంగుళం మందం పెడితే చక్రం దగ్గర బండి సుమారు రెండంగుళాలు లేస్తుంది. ఇది తెలియక రెండంగుళాల ఎత్తు కావాలని రెండంగుళాల దిమ్మనే లేత్‌లో తిప్పించుకుని వస్తారు. అది బిగించి జాకీ మీద లేపితే చక్రం వేలాడి, పై ఆర్మ్ కాయిల్‌ను ఆనుకుంటుంది; అక్కడ పెయింటు రాలి మెరుస్తున్న గీత కంటికే కనిపిస్తుంది. స్పేసరును స్ప్రింగుకూ దాని గిన్నెకూ మధ్య పెట్టే పద్ధతి వేరు. అందులో స్ప్రింగు ముందే బిగిసి, చక్రం కిందికి జారే దూరం తగ్గి, గుంత దాటిన ప్రతిసారీ టక్కుమని చప్పుడు వస్తుంది. ఏది వేసినా క్యాంబర్, క్యాస్టర్, టో (ముందు చక్రాల అమరిక కోణాలు) మళ్లీ సరిచేయించకపోతే ముందు టైర్లు ఒక పక్కనే అరిగిపోతాయి. ముందు కూడా కమాన్లున్న బండ్ల లెక్క వేరు, వాటిని ఇక్కడ కలపవద్దు.

అసలు స్పేసర్ల మాట ఎత్తక ముందే, చెరువుగట్టు గారూ, చదునైన సిమెంటు నేల మీద బండిని నిలిపి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు వైపులా కొలవండి. ఒకసారి ఖాళీగా, ఒకసారి మీరు మామూలుగా వేసే బరువుతో.

చెరువుగట్టు:
కొలిచాను. టన్ను మేతతో ముందూ వెనుకా దాదాపు సమానంగానే వచ్చాయి. అయితే ఖాళీగా ఉన్నా, బరువుతో ఉన్నా డ్రైవరు వైపు ముందు భాగం ఎడమ వైపు కంటే అర అంగుళానికి పైగా తక్కువగా ఉంది.

అలైన్‌మెంట్ పనివాడు:
అయితే ఆ వైపు స్ప్రింగు అలసిపోయి ఉండవచ్చు. దాని కింది గిన్నెలో ఉప్పునీటి తుప్పు పట్టిందేమో చూసి, రెండు వైపులా కంపెనీ కొలత స్ప్రింగులే జతగా మార్పించండి. గట్టు ఎక్కే చోట రెండు తట్టల కంకర పోసి వాలు తగ్గిస్తే బంపరు సమస్య చాలావరకు తీరుతుంది.

కాలువ రోడ్డు:
చెరువుగట్టు గారి బండికి అదే సరైనది, ఒప్పుకుంటాను. నా బండి మోసేది రెండు మోటార్లు, కాసిని పైపులు మాత్రమే. దానిలో టన్ను ఎప్పుడూ పడదు కాబట్టి నా స్పేసర్లు తీయను. హెడ్‌లైట్లు మాత్రం ఈ వారమే కిందికి దింపిస్తాను.