ఫాల్గుణంలో హోప్ ఐలాండ్ దగ్గర పడే పెద్ద పండుగప్ప చేప: వదిలేయాలా, ఇంటికి తేవాలా?

గాలంపుల్ల

కాకినాడ చుట్టుపక్కల గాలం వేసేవాళ్ళందరికీ నమస్కారం. మొన్న మా పడవలో మొదలైన తగువు ఇంకా తెగలేదు. మీ ముందు పెడుతున్నాను.

ఫాల్గుణ శుద్ధ ద్వాదశి నాడు చీకటుండగానే జగన్నాథపురం నుంచి ఫైబర్ బోటులో బయల్దేరాం. నేను, ఇద్దరు స్నేహితులు, పడవ నడిపే సరంగు. పౌర్ణమికి మన దగ్గర పోటు నిండేసరికి ఉదయం తొమ్మిది దగ్గరవుతుంది. అక్కణ్ణుంచి మధ్యాహ్నం మూడింటిదాకా నీళ్ళు తీస్తాయి గానీ, పదకొండు దాటితే దక్షిణపు గాలి లేచి అఖాతమంతా కెలికేస్తుంది. పౌర్ణమి నుంచి రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున వెనక్కి లెక్కేసుకోండి. ఏకాదశి, ద్వాదశి నాళ్ళకు పోటు అయిదున్నర, ఆరున్నర మధ్యే నిండుతుంది. గాలి ఉండదు, ఎండ ఎక్కదు, పాటు అప్పుడే ఊపందుకుంటుంది. అందుకే పండుగప్ప కోసమైతే పౌర్ణమి కంటే ఆ రెండు రోజులే నాకిష్టం.

ఐలాండ్‌కు దక్షిణంగా, మడకాలవ నీళ్ళు అఖాతంలో కలిసేచోటికి బయటే లంగరు వేశాం. లోపలంతా కోరంగి అభయారణ్యం, అడుగు పెట్టలేదు. కాలవలోంచి టీ రంగు నీరు వచ్చి పచ్చటి నీటిని తోస్తుంటే గీత గీసినట్టు అంచు కనపడింది. బతికున్న రొయ్యను తోక దగ్గర గుచ్చి, బఠాణీ గింజంత సీసం కట్టి ఆ అంచు వెంబడి నీటివాలుకు వదిలాను. మూడోసారికి అందుకుంది. నీళ్ళమీద బోర్లించిన చెంబును ఒక్కసారి లేపితే వచ్చే చప్పుడుంటుందే, అచ్చం అదే. పావుగంట పోరాడి పడవ పక్కకొచ్చింది. 94 సెంటీమీటర్లు. అప్పుడే వచ్చిన ఎండకు దాని కళ్ళు నిప్పుకణికల్లా మెరిశాయి.

నేను వదిలేశాను. సరంగుకు కోపమొచ్చింది. "తొమ్మిది కిలోలు తక్కువుండదు బాబూ, మీ సరదా తీరింది, నా డీజిలు డబ్బులు నీళ్ళల్లో పోయాయి" అన్నాడు. స్నేహితులిద్దరూ ఆయన వైపే.

నా వాదన ఒక్కటే. ఈ కాలంలో ఇంత పెద్దది పడిందంటే అది ఆడచేప. వానలకు గుడ్లు పెట్టబోయే చేప. దాన్ని తినకూడదు, అమ్మకూడదు. మీరేమంటారు?

ఏటిమొగ

అన్నా, మాది వేట కుటుంబం. మా నాన్న తెప్ప మీద వేటాడాడు, మా అన్నకు ఇంజను బోటుంది, నేను ఉద్యోగం చేసుకుంటున్నాను. అందుకని రెండు వైపులా చూసే రాస్తున్నాను, కోపగించుకోవద్దు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లన్నీ ఒడ్డెక్కాలి. ఒకప్పుడు 47 రోజులుండేది, 2015 నుంచి 61 చేశారు. ఆ రెండు నెలలు ఇల్లు గడవాలంటే ఫాల్గుణంలోనూ చైత్రం మొదట్లోనూ నాలుగు డబ్బులు వెనకేసుకోవాలి. కిలో అయిదు వందల లెక్కన చూసినా మీ సరంగుకు ఆ చేప నాలుగున్నర వేలు. ఒక్క చేప! మా అన్న వలకు అంత చేప ఏడాదికి మూడో నాలుగో పడతాయి. వలలో పడ్డాక అది ఎలాగూ బతకదు, వదిలి లాభం లేదు. మీరు గాలంతో పట్టారు కాబట్టి వదలగలిగారు. బాగానే ఉంది, వదలండి. కానీ "తినకూడదు, అమ్మకూడదు" అని అందరికీ చెప్పకండి. ఆ మాట మా ఇంట్లో చెల్లదు.

ఇంకో సంగతి. చేపలు తగ్గిపోతున్నాయని మీకు బాధ కదా. కాలవల్లో దోమతెరలాంటి వలలు కట్టి వేలెడంత పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళని ఎప్పుడైనా చూశారా? ఆ వల బిందెలోకి దులిపితే రొయ్యపిల్లలు ఏరుకుంటారు, మిగిలింది బురదలో పారబోస్తారు. నేను చిన్నప్పుడు ఆ కుప్పలో చూసేవాణ్ణి. గోరంత పండుగప్ప పిల్లలు, నెత్తిమీద తెల్లచారతో, ఎండకు గింజుకుంటూ ఉండేవి. అది ఆపకుండా పెద్ద చేపనొక్కదాన్ని వదిలి ఏం లాభం?

మడచెట్టు

నేను చదివింది మత్స్యశాస్త్రం. గాలంపుల్లగారి మాటలో శాస్త్రం చాలావరకు సరైనదే, కొంచెం వివరిస్తాను.

పండుగప్ప పుట్టుకతో ఆడది కాదు. మూడు నాలుగేళ్ళకు మగచేపగా ఎదుగుతుంది. ఒకటి రెండు ఈడ్లు, అంటే గుడ్లు పెట్టే కాలాలు, మగదిగానే గడిపి, ఆరేళ్ళు వచ్చేసరికి, ఇంచుమించు 80 సెంటీమీటర్లు దాటాక ఆడదిగా మారుతుంది. అంటే మీ పడవ పక్కకొచ్చిన 94 సెంటీమీటర్ల చేప ఆడదే అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ. అలాంటి చేప ఒక్కో ఈడుకు పదుల లక్షల గుడ్లు పెడుతుంది. పెద్దవాటినే ఏరి తీసేస్తే మిగిలేవన్నీ మగవే. చాలా చేపల విషయంలో "చిన్నవి వదలండి, పెద్దవి తీసుకోండి" అంటాం. ఇక్కడ ఆ మాట సగమే నిజం. చిన్నదీ వదలాలి, మరీ పెద్దదీ వదలాలి. మధ్యది తినాలి.

గుడ్లు పెట్టేది ఉప్పునీటిలో, నది మొగల దగ్గర, వానాకాలం దరిదాపుల్లో. ఇప్పుడు గోదావరి ధవళేశ్వరం దాటి వచ్చే నీరు బాగా తక్కువ, కాలవల్లోకి ఉప్పు పైదాకా ఎక్కింది. అందుకే లోపల తిరిగే పెద్ద చేపలు ఇప్పటినుంచే మొగల వైపు జరుగుతుంటాయి. ఒకేచోట కూడతాయి కాబట్టే మనకు తేలిగ్గా దొరుకుతున్నాయి. ఇది మనం గొప్పగా చెప్పుకోవాల్సిన నేర్పు కాదు.

చెరువుల కోసం అడవి పిల్లల్నే పట్టాల్సిన పని కూడా ఇప్పుడు లేదు. చెన్నైలోని ఉప్పునీటి చేపల పెంపకం పరిశోధన సంస్థ సీబా 1997లోనే పండుగప్పను హేచరీలో పొదిగించింది. ఏటిమొగ చెప్పిన దోమతెర వలలకు నేనూ పూర్తిగా వ్యతిరేకమే. కానీ పిల్లల్ని చంపేవాడున్నాడని తల్లిని చంపడం ఏ లెక్కన సరిపోతుంది?

టౌన్స్‌విల్ తెలుగోడు

మాది తాళ్ళరేవు దగ్గర, పదకొండేళ్ళుగా ఆస్ట్రేలియాలో ఉంటున్నాను. ఇక్కడ ఇదే చేపను బర్రమండి అంటారు. క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్లకు తక్కువున్నా, 120కి ఎక్కువున్నా నీళ్ళలో వదలాల్సిందే. తూర్పు తీరంలో నవంబరు 1 నుంచి మూడు నెలలు ఆ చేపకే సెలవు. ఇక్కడ అది ఈడు కాలం. పడవలో కొలబద్ద లేకుండా ఎవరూ బయల్దేరరు. మన దగ్గర కూడా గాలం వేసేవాళ్ళ వరకైనా ఇలాంటి కట్టు పెట్టుకుంటే బాగుంటుందని నా కోరిక.

ఏటిమొగ

అక్కడ చేప పట్టకపోతే ఇంట్లో పొయ్యి వెలగని సరంగులు ఎంతమంది ఉన్నారు అన్నా? కొలబద్ద పెట్టుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. కొలిచి వదిలాక వాడి ఆదాయం మాటేమిటి? అది ఎవరూ మాట్లాడట్లేదు.

మడచెట్టుగారూ, మీరు చెప్పిన మగ, ఆడ సంగతి మా నాన్నను అడిగాను. "పెద్దదాని కడుపులో జన ఉంటది, చిన్నదాంట్లో పాలుంటాయి" అన్నాడు. కాబట్టి నమ్ముతున్నాను.

సీసపుగుండు

వదలడం గురించి ఇంత మాట్లాడుతున్నారు, వదిలిన చేప బతికిందా అని ఎవరైనా చూశారా? పోయిన చైత్రంలో నేను ఎనిమిది కిలోల పండుగప్పను పడవలోకి లాగి, దవడ పట్టుకుని వేలాడదీసి ఫొటోలు దిగి వదిలాను. ఈదుకుంటూ వెళ్ళిందనుకున్నాను. గంట తర్వాత తిరుగు దారిలో అదే చేప పొట్ట పైకి తేలి కనపడింది. కాకులు కళ్ళు పొడుస్తున్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరి కడుపూ నిండలేదు, ఒక గుడ్డూ పుట్టలేదు. వదలడం చేతకానివాడు తెచ్చుకుని తినడమే మేలు అని అప్పటినుంచి నా అభిప్రాయం.

గాలంపుల్ల

సీసపుగుండు గారూ, ఇంత నిజం రాసినందుకు చాలా థాంక్స్. నేను చేసేది చెప్తాను, తప్పుంటే దిద్దండి. మామూలు గాలం కాకుండా సర్కిల్ హుక్కు వాడతాను, అది మింగుడు పడకుండా దవడ మూలకే తగులుకుంటుంది. ముల్లు నొక్కేస్తాను. దారం సన్నగా పెట్టి గంటసేపు ఆడించను, గాలం దగ్గర నలభై పౌన్ల లీడరు, అంటే మందపాటి దారం కట్టి తొందరగా తెస్తాను. ఆ చేప చెంప రేకు బ్లేడులా ఉంటుంది, సన్నదారమైతే ఎలాగూ తెగుతుంది. పడవలోకి ఎత్తను. కొలబద్ద నీళ్ళమీదే ఆనించి, గాలం ఊడదీసి, తోక పట్టుకుని మూతి పాటుకు ఎదురుగా ఉంచుతాను. దానంతట అది చేతిని తన్ని పోయేదాకా వదలను. మొన్నటిదానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఎండ ముదిరి నీళ్ళు గోరువెచ్చగా అయ్యాక అసలు వేటే ఆపేస్తాను. ఆ నీళ్ళలో అలిసిన చేపకు ఊపిరి అందదు.

మడచెట్టు

దవడతో వేలాడదీస్తే పెద్ద చేపకు మెడ కీలు, లోపలి అవయవాలు దెబ్బతింటాయి. సీసపుగుండు చేప చనిపోవడానికి అదే కారణమై ఉండొచ్చు. గాలంపుల్ల పద్ధతి బాగుంది.

సంపాదన సంగతికి వస్తే, ఈ నెలల్లో ఐలాండ్ బయటి వైపు ఎందుకు చూడరు? ఫాల్గుణం, చైత్రాల్లో తీరం వెంట నీరు ఉత్తరానికి లాగుతుంది. తీరం వెంట వీచే గాలికి పైనీరు సముద్రం లోపలికి జరిగి, అడుగునున్న చల్లటి నీరు పైకొస్తుంది. 1950లలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లాఫాండ్ అనే శాస్త్రవేత్త విశాఖ తీరాన ఈ సంగతి కొలిచి చూపారు. ఆ నీటితో పాచి పెరుగుతుంది, కవళ్ళు, నెత్తళ్ళు దరికొస్తాయి, వాటి వెనకే వంజరం, పారలు వస్తాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్, ఉపగ్రహం నుంచి నీటి వేడి, పాచి చూసి చేపలుండే చోట్లు రోజూ చెబుతోంది. సరంగు డీజిలు డబ్బులు వంజరంతో రావచ్చు, పండుగప్ప తల్లులను వదిలేయొచ్చు.

ఏటిమొగ

కాగితం మీద బాగుందండీ. బయటి వైపు వెళ్తే డీజిలు రెట్టింపు. మధ్యాహ్నం దక్షిణపు గాలికి ఐలాండ్ తూర్పు పక్క తిప్పల మీద కెరటం విరిగిందంటే చిన్న ఫైబర్ బోటు తిరగబడుతుంది. నలుగురు ఉద్యోగస్తుల్ని ఎక్కించుకుని అక్కడికి వెళ్ళమని నేనైతే ఏ సరంగుకూ చెప్పను. తెల్లారి వెళ్ళి తొమ్మిదింటికల్లా వెనక్కి తిరిగేటట్టైతే సరే. కానాగంతలు ఎగురుతున్నచోట పక్షులు దిగుతుంటాయి, ఆ అంచున చెంచాలాంటి లోహపు ఎర లాగితే వంజరం అందుకుంటుంది. దానికి ఇనుప తీగ కట్టకపోతే గాలంతో సహా కొరికి పోతుంది.

కొత్తగాలం

నాకో సందేహం. పట్టి వదిలేసేదే కదా, ఏప్రిల్ 15 తర్వాత కూడా వెళ్ళొచ్చా?

ఏటిమొగ

వెళ్ళకూడదు. ఇంజనున్న పడవ ఏదైనా ఒడ్డునే ఉండాలి. ఇంజను లేని తెప్పలకు, నావలకు మాత్రమే మినహాయింపు. మా అన్న బోటు ఇసుకలో ఉండగా మీరు ఇంజను బోటేసుకుని సరదాకి తిరిగితే చూసేవాళ్ళకు ఎలా ఉంటుందో కూడా ఆలోచించండి. ఇంకో మాట. ఈ రోజుల్లో తాబేలు పిల్లలు ఇసుకలోంచి బయటికొస్తాయి. రాత్రిపూట ఐలాండ్ మీద టార్చిలైట్లు, మంటలు పెడితే అవి సముద్రం వైపు కాకుండా వెలుగు వైపు పాకుతాయి. గాలం వేసేవాళ్ళు కొందరు అక్కడే పడుకుంటున్నారని విన్నాను.

గాలంపుల్ల

ఐలాండ్ మీద రాత్రి ఉండకూడదు, ఒప్పుకుంటున్నాను. నిషేధం సంగతీ అంతే.

నిన్న సరంగు ఇంటికి వెళ్ళాను. ఏటిమొగ అడిగిన ప్రశ్న రెండు రోజులుగా నన్ను పొడుస్తోంది. ఆ చేపను బతకనిచ్చింది నేను, దాని ఖరీదు మాత్రం ఆయన జేబులోంచి పోయింది. అది న్యాయం కాదు. నాలుగున్నర వేలు ఇచ్చాను. మొదట తీసుకోలేదు, తర్వాత రెండు వేలు ఉంచుకుని మిగతావి వెనక్కిచ్చారు. ఇకనుంచి ఆయన బోటులో మా కట్టు ఇది: 80 సెంటీమీటర్లు దాటిన పండుగప్పను వదలాలి, వదిలినవాడు సరంగుకు ఆ చేప రేటులో సగం ఇవ్వాలి. 50 నుంచి 80 మధ్యది పడితే ఆయనకే. 50 లోపుది నీళ్ళలోకే. నా స్నేహితుల్లో ఒకడు ఒప్పుకున్నాడు, ఇంకొకడు "ఇంత ఖర్చైతే నేను రాను" అన్నాడు.

సీసపుగుండు

సగం రేటు ఇచ్చుకోలేనివాళ్ళు ఏం చేయాలి? నేను స్కూల్లో పనిచేస్తాను, నెలకొకసారి పంచుకుని వస్తాను. ఈ కట్టు డబ్బున్నవాళ్ళదే అవుతుందేమో.

ఏటిమొగ

మాస్టారూ, మీరు ఒడ్డునుంచి వేయండి. ఉప్పాడ వైపు రాళ్ళ దగ్గర పాటు చివర్లో గొరకలు బాగా పడతాయి, సరంగుకి రూపాయి ఇవ్వక్కర్లేదు.

గాలంపుల్ల అన్నా, వలవేసే మావాళ్ళకు మీ కట్టు వర్తించదు, ఆ మాట మీద నేను ఇంకా అక్కడే ఉన్నాను. కానీ ఆ రెండు వేలు ఇచ్చిన సంగతి మా అన్నకు చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు. కాసేపాగి, "చైత్ర ఏకాదశికి బోటు ఖాళీగా ఉంది, కొలబద్ద తెచ్చుకోమను" అన్నాడు. నిషేధం లోపలే తిథి వస్తే చూసుకుందాం. రొయ్యలు నేను తెస్తాను, బతికున్నవే.