నేఁ బలికిన, నేన్ బలికిన: తెర మీద పోతన అరసున్న

విజయవాడ, గవర్నరుపేట:
పోతన గారి "పలికెడిది భాగవతమఁట" పద్యం ఇంట్లో ఫైర్‌ఫాక్సులో "నేఁ బలికిన" అని, ఆఫీసు క్రోములో "నేం బలికిన" అని కనిపిస్తున్నది. చిన్నప్పుడు నాకు వల్లె వేయించినది మాత్రం "నేన్ బలికిన" అని గుర్తు. అసలు పాఠం ఏది?

గుంటూరు, బ్రాడీపేట:
ఆ రెండు బ్రౌజర్లూ అక్షరాల కూర్పును హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేరుకే వదిలేస్తాయి కనుక తేడా కూర్పులో ఉండదు, ఫాంటులో ఉంటుంది. పుట కోరిన ఫాంటు యంత్రంలో లేనప్పుడు ఒక చోట నిర్మలా, మరొక చోట గౌతమి వచ్చి కూర్చోవచ్చు. పైగా అక్షరం అంచులను నునుపు చేసేటప్పుడు, చిన్న పరిమాణంలో అరసున్న తెరిపి మూసుకుపోయి నిండుసున్నలా అగుపిస్తుంది. యూనికోడులో అరసున్న 0సీ01, నిండుసున్న 0సీ02. పుటను రెండింతలు పెంచి చూడండి.

గుంటూరు, అరండల్‌పేట:
పెంచి చూడనక్కరలేదు, గణాలు చెబుతాయి. "భాగవతమంట" అంటే "వతమఁట" అనే నలం (నాలుగు లఘువుల గణం) అయిదు మాత్రలై కందం కుంటుతుంది. ఇక "నేం" అసలే కుదరదు. దీర్ఘం మీద సాధ్యపూర్ణం (వ్యాకరణ కార్యం వల్ల వచ్చే నిండుసున్న) లేదని చిన్నయసూరి చెప్పనే చెప్పాడు.

విజయవాడ, గవర్నరుపేట:
మాస్టారూ, "అఁట" సంగతి ఒప్పుకుంటాను. కాని "నే" ఎలాగూ గురువే కాబట్టి "నేఁ" అన్నా "నేన్" అన్నా గణం చెడదు. ఆదేశ సరళానికి (ఇక్కడ "ప"కు బదులు వచ్చిన "బ"కు) ముందున్న ద్రుతానికి (పదం చివరి నకారానికి) బిందువుతో పాటు సంశ్లేషమూ ("న్" తరువాతి హల్లుతో చేరడమూ) వికల్పమే కదా! రెండో పాదం చివర, పద్యం సగాన ఆగుతాము కనుక పొల్లే సహజమని నా ఊహ.

గుంటూరు, అరండల్‌పేట:
అక్కడ ఆగేటట్టయితే "పలికిన" కాస్తా "బలికిన" ఎందుకయింది? కందంలో మూడో పాదానికి యతి లేదు, కాబట్టి యతి కోసం మార్చుకున్నాడని కూడా అనలేరు. పోతన ఆగలేదు, "నేఁబలికిన" అని ఒక్క ఊపులో దొర్లించాడు. ఆయన కందాలలో పాదం గట్టు దాటి పారే ఆ నడకే నాకు ప్రాణం.

విజయవాడ, సత్యనారాయణపురం:
సంశ్లేషమే పాఠమనుకున్నా దాన్ని తెర మీద నిలబెట్టడం తేలిక కాదు. "న్" తరువాత ఖాళీ వదలకుండా "బ" కొడితే అది వత్తుగా కిందికి దిగి "న్బ" అవుతుంది. పొల్లు నిలవాలంటే మధ్య వెడల్పు లేని విభాజకం ఉంచాలి, అతికించేటప్పుడు అదేమో ఒక్కోసారి రాలిపోతుంది. ఈ కనిపించని గుర్తు సామాన్యమైనది కాదు. 2018లో "జ్ఞా"లో అది ఇరుక్కున్నందుకే ఐఫోన్లు కూలిపోయాయి, ఐఓఎస్ 11.2.6 వచ్చాక గాని కుదుటపడలేదు.

గుంటూరు, బ్రాడీపేట:
దానికన్నా వలపలగిలకకు (పాత రాతలో రేఫను తరువాతి అక్షరం పక్కన చూపే గుర్తుకు) జరిగిన అన్యాయం చూడండి. రేఫకు పొల్లు పెట్టి, దాని వెనుక వెడల్పు లేని సంయోజకం కూడా చేర్చినా, ఫాంటులో ఆ రూపం ఉంటే తప్ప ఏ బ్రౌజరూ చూపించలేదు.

విజయవాడ, గవర్నరుపేట:
పుటను రెండింతలు చేశాను, క్రోములోనూ అరసున్నే బయటపడింది. అయితే అదే పుటలో నాలుగో పాదం "గాథ బలుకఁగ" అని ఉన్నది. "బ" వచ్చినప్పుడు ద్రుతం ఉండి తీరాలి కదా, మరి "గాథ" మీది అరసున్న ఏమయింది? ఎంత పెంచినా అక్కడ ఏమీ లేదు.

గుంటూరు, అరండల్‌పేట:
అది ఫాంటు మింగినది కాదు, టైపు చేసినవారు వదిలేసినది. "గాఁథ" అని పెట్టనందుకు సంతోషించండి.