జర్మన్ బీఏలో సాహిత్యం పేపర్లు తగ్గించాలా?

బీటూ_బాబు: మూడేళ్లు జర్మన్ బీఏ చదివి మొన్న గోథే ఇన్‌స్టిట్యూట్ వాళ్ల జర్మన్ పరీక్ష, బీ2 స్థాయిది, రాశాను. చదవడం, వినడం, రాయడం గట్టెక్కాయి. మాట్లాడటంలో వందకి 52. ప్రతి మాడ్యూల్‌లోనూ 60 రావాలి కాబట్టి మళ్లీ ఫీజు కట్టుకోవాలి. ఎదురుగా కూర్చున్న అమ్మాయితో ఒక విషయం మీద వాదించమన్నారు. పాయింట్లన్నీ బుర్రలో ఉన్నాయి, నోరు పెగల్లేదు. డిపార్ట్‌మెంట్‌లో మాత్రం నాటకాల మీద పేజీలకు పేజీలు రాశాను, ఇంగ్లీషు నోట్సు చూసి బట్టీపట్టి. సాహిత్యం పేపర్లు సగం చేసి ఆ గంటల్లో మాట్లాడించాలంటాను.

పాత_మాస్టారు: బాబూ, యూనివర్సిటీ కోచింగ్ సెంటర్ కాదు. బీ2 కావాలంటే బయట బోలెడు చోట్ల చెప్తారు. నేను రిటైరయ్యేదాకా ఈ సబ్జెక్టే చెప్పాను. మేం నాటకాలు చదివే భాష నేర్చుకున్నాం. తార్నాక ఇఫ్లూ, అదే ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ సంగతే తీసుకోండి. 1958లో ఇంగ్లీషు సంస్థగా మొదలై, 1972లో విదేశీ భాషలు కలుపుకుని, 2007లో యూనివర్సిటీ అయింది. ఆ హోదా పరిశోధన చూసి ఇచ్చారు, స్పోకెన్ క్లాసులు చూసి కాదు.

నాలుగో_బెంచి: 1973లోనే డీమ్డ్ యూనివర్సిటీ అయింది సార్.

పాత_మాస్టారు: డీమ్డ్ వేరు, సెంట్రల్ వేరు. డీమ్డ్ అంటే యూనివర్సిటీతో సమాన హోదా, సెంట్రల్ అంటే పార్లమెంటు చట్టంతో వచ్చేది. నేనన్నది సెంట్రల్ గురించి.

నాలుగో_బెంచి: మీరు రాసింది "యూనివర్సిటీ అయింది" అని. పైన ఉంది, చూసుకోండి. పైగా 1958లో అది పెట్టిందే ఇంగ్లీషు టీచర్లకు ట్రైనింగ్ ఇవ్వడానికి. మరి అది కోచింగ్ కాదా?

వేపచెట్టు: పాపం ఆ అబ్బాయి 52 సంగతి గాలికి పోయింది 😀

బీటూ_బాబు: గచ్చిబౌలిలో జర్మన్ ప్రాసెస్ ఉద్యోగానికి, అంటే జర్మన్ కస్టమర్ల పని చూసేదానికి వెళ్తే డిగ్రీ మొహం కూడా చూడలేదు, సర్టిఫికెట్ ఉందా అన్నారు. విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ వాళ్లు నర్సులకు జర్మన్ నేర్పించి జర్మనీ పంపుతున్నారు. మూడేళ్లు చదివిన నేను ఇక్కడే ఉన్నాను.

పాత_మాస్టారు: వెనక బెంచీలో ఫోన్ చూసుకుని ఇప్పుడు సిలబస్‌ని తిడితే ఎలా? నా దగ్గర సున్నా నుంచి మొదలుపెట్టి పీహెచ్‌డీ చేసినవాళ్లు ఉన్నారు.

గంటకూలీ: ఇంక ఊరుకోలేక రాస్తున్నాను. నేను గెస్ట్ ఫ్యాకల్టీని, క్లాసుకింతని తీసుకునే టీచర్ని, పర్మనెంట్ కాదు. ఏ డిపార్ట్‌మెంటో చెప్పను. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2019లో మాలాంటివాళ్లకు క్లాసుకు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా ఇమ్మంది. అంటే 33 క్లాసులకే గరిష్ఠం. ఆ రేటు కూడా మా దగ్గర ఇవ్వరు. పిల్లలు రాసిన పేరాలు ఇంటికి తెచ్చుకుని, విభక్తులు తప్పినచోటల్లా ఎర్ర ఇంకు పెట్టి, పక్కన సరైన వాక్యం రాసిస్తాను. దానికి పైసా రాదు. సెలవుల్లో జీతం లేదు. కిందటేడు నా దగ్గర నోరు విప్పిన బ్యాచ్‌కి ఈ ఏడు వేరే గెస్ట్ వచ్చారు, మళ్లీ "నా పేరు ఫలానా" దగ్గర్నుంచి మొదలు. బాబు 60 ఎలా తెచ్చుకుంటాడు?

పాత_మాస్టారు: జీతాల గొడవ ఇక్కడెందుకమ్మా? కష్టమైతే మానేయవచ్చు.

గంటకూలీ: మానేస్తాను సార్. ముందు ఇది చెప్పండి. సాహిత్యం పేపర్లన్నీ పర్మనెంట్ వాళ్లకీ, ఫస్టియర్ గ్రామర్, కాన్వర్జేషన్ మాకూ ఎందుకు వేస్తారు? మీ సర్వీసులో మొదటి సెమిస్టర్ క్లాసు చివరిసారి ఎప్పుడు తీసుకున్నారు?

పాత_మాస్టారు: పీహెచ్‌డీ చేసి, ఇరవయ్యేళ్లు సర్వీసు చేసిన మనిషి అక్షరాలు దిద్దించాలా? ఆ పనికి జూనియర్లుంటారు. ఎక్కడైనా పద్ధతి అంతే.

బీటూ_బాబు: సార్, అయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పేపర్లు తగ్గించక్కర్లేదు. నాటకం మీరే చెప్పండి, కాకపోతే జర్మన్‌లో చెప్పండి, మాతో జర్మన్‌లోనే జవాబు చెప్పించండి. నలభై మంది ముందు మేం తప్పులు మాట్లాడుతుంటే మీరు కూర్చుని వినాలి.

పాత_మాస్టారు: సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది అలాగైతే?

వేపచెట్టు: పూర్తయిన సిలబస్‌కి 52 వచ్చింది కదా సార్.

నాలుగో_బెంచి: డీమ్డ్ సంగతి ఇంకా తేలలేదు.