అప్‌డేట్: ఎట్రస్కన్ కంచు గరిటె మీది గీతల సంగతి తేలింది

మూడు వారాల క్రితం ఇక్కడ అడిగాను: రోమ్‌లోని ఒక మ్యూజియంలో చూసిన, ఎట్రస్కన్ల (ప్రాచీన ఇటలీలోని ఒక జాతి) కాలపు, ద్రాక్షసారా ముంచి పోసే కంచు గరిటె కాడ మీద గీకి ఉన్న ఆరు అక్షరాలు ఏమిటని. నోట్‌బుక్‌లో ఎక్కించుకున్న వరసలో అది ‘అనిథుస్’ అని వచ్చింది. యజమాని పేరేమోనని నేనూ, లాటిన్ పేర్లలాగా చివర ‘ఉస్’ ఉంది కాబట్టి లాటిన్ పేరని మరికొందరూ అనుకున్నాం.

అందరం తప్పే. ఎట్రస్కన్ రాత ఎక్కువగా కుడి నుంచి ఎడమకు సాగుతుంది, తిప్పి చదవమని ఇక్కడ ఒకరు రాశారు. తిప్పితే ‘సుథినా’! ఫొటో చూసిన పురావస్తు అధ్యాపకురాలు కూడా అదేనన్నారు. ‘సుథి’ అంటే సమాధి. ‘సుథినా’ అంటే సమాధికి చెందినది. ముఖ్యంగా మధ్య ఇటలీలోని ఒర్వియేతో, బొల్సేనా ప్రాంతాల్లో, క్రీ.పూ. 4, 3 శతాబ్దాల సమాధుల కంచు సామాను మీద ఈ మాట కనిపిస్తుందట. అద్దాలకైతే ముఖం చూసుకునే వైపే చెక్కేవారు. అంటే ఇక బతికున్నవాళ్లు వాడకూడదని కాబోలు. నాకు ఒళ్లు జలదరించింది.

కాడ చివర బాతు తలలా ఉన్న వంపు గురించి నేను చేసిన హడావిడికీ ఈ రాతకూ సంబంధమే లేదు. ఆ వంపు గరిటెను పాత్ర అంచుకు తగిలించడానికి.

తిప్పి చదవమన్నవారికి, ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.