పోస్ట్‌గ్రెస్ లేవడం లేదు, కాటా ఆగిపోయింది – అర్జంట్

గుజ్జు_ఐటీ:
అన్నా, ఎవరైనా ఉన్నారా? మాది చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. కాటా సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద నడుస్తుంది. తెల్లారుజాము నుంచి సర్వీస్ లేవడం లేదు. రీస్టార్ట్ చేస్తే లేచినట్టే లేచి పడిపోతోంది. సర్వర్ కూడా ఆఫ్ చేసి ఆన్ చేశా. గేటు బయట తోతాపురి ట్రాక్టర్లు మెయిన్ రోడ్డు దాకా నిలబడిపోయాయి. చీటీలు చేత్తో రాస్తున్నాం, రైతులు అరుస్తున్నారు, మేనేజరు నా కుర్చీ వెనకే నిలబడున్నాడు. నిన్నటిదాకా బాగానే ఉంది, మేం ఏమీ మార్చలేదు. ఏం చేయాలి?

నైట్‌షిఫ్ట్:
లాగ్ పెట్టండి. వెర్షన్?

డాల్ఫిన్_ఫ్యాన్:
అందుకే నేను మొదట్నుంచీ మైఎస్‌క్యూఎల్ డేటాబేసే వాడమంటాను. తిరుపతిలో మా లాడ్జి బుకింగులన్నీ దాని మీదే, బ్రహ్మోత్సవాల రద్దీలో కూడా కిక్కురుమనలేదు.

నైట్‌షిఫ్ట్:
ట్రాక్టర్లు గేటు దగ్గరుంటే ఇప్పుడు డేటాబేస్ మార్చుకోమంటారా? లాగ్ పెట్టండి.

గుజ్జు_ఐటీ:
వెర్షన్ లాటెస్టే. లాగ్‌లో ప్యానిక్ అని ఉంది. పీజీ_వాల్ ఫోల్డర్‌లో ఫైలు రాయలేకపోయిందట, డిస్క్‌లో స్థలం లేదట. డేటాబేస్ మొత్తం 9 జీబీ, డిస్క్ 240 జీబీ. స్థలం లేకపోవడం ఏందన్నా?

నైట్‌షిఫ్ట్:
డేటా ఫోల్డర్‌లో డీయూ కమాండ్ కొట్టి ఏది ఎంత స్థలం తింటోందో చూడండి.

గుజ్జు_ఐటీ:
పీజీ_వాల్ ఒక్కటే 190 జీబీ! లోపల పన్నెండు వేల పైచిలుకు ఫైళ్లు, ఒక్కోటి 16 ఎంబీ. ఇవి పాత లాగులే కదా, సగం లేపేస్తే సరిపోతుందా?

అరగంటలో_ఫిక్స్:
లేపేయ్ బ్రో. ఆ తర్వాత పీజీ_రీసెట్‌వాల్ కొట్టు, లేచి కూర్చుంటుంది.

పాత_డీబీఏ:
ఆగు సామీ! ఆ ఫోల్డర్‌లో చెయ్యి పెట్టొద్దు. అవి పారేసే లాగులు కావు, వాల్ అంటే డేటాబేస్ ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే చిట్టా. క్రాష్ అయిన డేటాబేస్ లేవాలంటే చివరి చెక్‌పాయింట్ (మార్పులన్నీ అసలు డేటా ఫైళ్లలోకి చేరిన చోటు) నుంచి ఆ ఫైళ్లనే చదువుకుంటూ రావాలి. పాత వెర్షన్లలో ఆ ఫోల్డర్ పేరు పీజీ_ఎక్స్‌లాగ్. మీలాగే లాగులనుకుని జనం తీసి పారేస్తుంటే 2017లో వచ్చిన 10వ వెర్షన్‌లో పేరే మార్చేశారు. రీసెట్‌వాల్ కొడితే లేస్తుంది, కాదనను. కానీ సగం రాసిన లావాదేవీలతో లేవొచ్చు, ఏ రైతు తూకం ఎగిరిపోయిందో ఎవరికీ తెలీదు. అది అన్ని దారులూ మూసుకుపోయాక చేసే పని. చేసినా వెంటనే డంప్ (డేటా మొత్తానికి కాపీ) తీసి కొత్త క్లస్టర్‌లోకి, అంటే కొత్త డేటా ఫోల్డర్‌లోకి ఎక్కించుకోమని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది.
వాల్ ఊరికే ఇంత పెరగదు, దేనికోసమో ఆపి పెట్టుంటుంది. వాల్‌ని వేరేచోటికి కాపీ చేసే ఆర్కైవ్_కమాండ్ ఫెయిలవుతోందా? మార్పులన్నీ కాపీ చేసుకుంటూ ఉండే రెండో సర్వర్, స్టాండ్‌బై ఉందా?

గుజ్జు_ఐటీ:
ఆర్కైవ్ ఏమీ పెట్టలేదు. స్టాండ్‌బై లేదు. ఉన్నది ఒక్కటే సర్వర్.

బ్యాకప్_మాస్టారు:
ఒక్కటే సర్వరా! మరి బ్యాకప్ సంగతేంటి? చాలామంది రాత్రి ఒక పీజీ_డంప్ క్రాన్‌లో (టైముకి దానంతటదే నడిచేలా) వేసి నిద్రపోతారు. డంప్ మొదలైన క్షణానికి డేటా ఎలా ఉందో అంతే వస్తుంది, తర్వాత పడిన తూకాలు రావు. యూజర్లు, పాస్‌వర్డులు అందులో ఉండవు, వాటికి పీజీ_డంపాల్‌తో గ్లోబల్స్ విడిగా తీయాలి. మధ్యాహ్నం మూడింటికి ఏముందో కావాలంటే బేస్ బ్యాకప్ (డేటా ఫోల్డర్ మొత్తం కాపీ), దాని వెనక వాల్ ఆర్కైవ్, రెండూ ఉండాలి. 2017 జనవరి 31న కోడ్ దాచుకునే సైటు గిట్‌ల్యాబ్‌లో ఏమైందో గుర్తుందా? ఒక ఇంజినీరు పొరపాటున అసలు సర్వర్ డేటా ఫోల్డరే తీసేశాడు. బ్యాకప్ చూద్దామంటే సర్వర్ 9.6, డంప్ టూల్ 9.2, అందుకని డంపులు ఎప్పట్నుంచో ఫెయిలవుతున్నాయి. ఫెయిలైందని చెప్పే మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. చివరికి ఆరు గంటల పాత స్నాప్‌షాట్ ఒకటి అదృష్టవశాత్తూ దొరికింది. రీస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకే తీసుకోను.

గుజ్జు_ఐటీ:
మాస్టారూ, మీరు చెప్పింది నిజమే, కానీ ఇప్పుడు కాటా నడవాలి.

కపిలతీర్థం_రోడ్:
స్టాండ్‌బై ఇప్పుడు లేదు సరే, ఇంతకుముందు ఎప్పుడైనా ఉండేదా?

గుజ్జు_ఐటీ:
ఉండేది, ఆఫీసు రూములో పాత మెషిన్. కిందటి సీజన్ అయ్యాక ఎస్ఎంపీఎస్ కాలిపోతే తీసి స్క్రాప్‌కి అమ్మేశారు. దానికీ దీనికీ ఏం సంబంధం?

నైట్‌షిఫ్ట్:
అదే సంబంధం.

పాత_డీబీఏ:
దానికోసం మెయిన్ సర్వర్‌లో రెప్లికేషన్ స్లాట్ చేసుంటారు. మెషిన్ అమ్మేసినా స్లాట్ పోదు. రాని చుట్టానికి విస్తరేసి, వండిందంతా అట్టే పెట్టి కూర్చున్నట్టు, ఆ స్టాండ్‌బై అందుకోని వాల్ అంతా దాస్తూనే ఉంటుంది.
ముందు కొంచెం ఖాళీ చేయాలి, వాల్‌లో కాదు. జర్నల్‌సీటీఎల్ వాక్యూమ్‌తో సిస్టమ్ లాగులు తగ్గించండి. డిస్క్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ4 అయితే 5 శాతం రూట్ (అడ్మిన్) యూజర్ కోసం పక్కన పెట్టుంటుంది, అది పోస్ట్‌గ్రెస్ యూజర్‌కి అందదు. ట్యూన్2ఎఫ్ఎస్‌తో 1 శాతానికి దించితే మీ డిస్క్‌లో సుమారు 9 జీబీ దొరుకుతుంది. అప్పుడు స్టార్ట్ చేసి పీజీ_రెప్లికేషన్_స్లాట్స్‌లో చూడండి. యాక్టివ్ ఎఫ్ (ఎవరూ వాడటం లేదు) అని ఉన్నదాన్ని పీజీ_డ్రాప్_రెప్లికేషన్_స్లాట్‌తో తీసేయండి, ఆ తర్వాత ఒక చెక్‌పాయింట్.

డాల్ఫిన్_ఫ్యాన్:
మైఎస్‌క్యూఎల్ 8లో బిన్‌లాగ్ (అక్కడి మార్పుల చిట్టా) 30 రోజులు దాటితే దానంతటదే పోతుంది, డీఫాల్ట్‌గానే. ఈ బాధే లేదు.

కపిలతీర్థం_రోడ్:
రెప్లికా (స్టాండ్‌బై లాంటి కాపీ సర్వర్) నెలన్నర తర్వాత తిరిగొస్తే? మళ్లీ మొదట్నుంచి కట్టుకోవాల్సిందే కదా. పోస్ట్‌గ్రెస్ రెప్లికా వైపు నిలబడింది, మైఎస్‌క్యూఎల్ డిస్క్ వైపు.

డాల్ఫిన్_ఫ్యాన్:
కట్టుకుంటాం. మెయిన్ సర్వర్ పడిపోవడం కన్నా అదే నయం. బ్యాకప్‌గా ఉన్న రెప్లికా పోతే మరొకటి పెట్టుకుంటాం.

బ్యాకప్_మాస్టారు:
రెప్లికా బ్యాకప్ కాదు! ఇక్కడ డిలీట్ కొడితే సెకన్లో అక్కడా డిలీట్.

డాల్ఫిన్_ఫ్యాన్:
డిలేడ్ రెప్లికా, అంటే కావాలనే గంట వెనకగా నడిచేది, పెట్టుకుంటే?

బ్యాకప్_మాస్టారు:
అప్పుడూ కాదు. గంట ఆలస్యంగా తెలిసిన తప్పు గంట ఆలస్యంగానే కాపీ అవుతుంది.

గుజ్జు_ఐటీ:
లేచింది!! స్లాట్ పేరు స్టాండ్‌బై1, యాక్టివ్ ఎఫ్. తీసేసి చెక్‌పాయింట్ కొట్టాక ఫోల్డర్ 1 జీబీ లోపుకి దిగింది. వెర్షన్ 12 అని చూపిస్తోంది.

పాత_డీబీఏ:
12కి 2024 నవంబరుతో సపోర్ట్ ఆగిపోయింది. 13 నుంచి మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ అని ఒకటుంది. అందులో ఓ 20 జీబీ అని పెడితే అది దాటాక స్లాట్‌ని వదిలేస్తుంది, డిస్క్‌ని నిండనివ్వదు. డీఫాల్ట్‌లో మాత్రం హద్దు లేదు, మనమే పెట్టుకోవాలి. గుజ్జు సీజన్ అయ్యాక అప్‌గ్రేడ్ చేయండి, ఇప్పుడు కాదు.

కపిలతీర్థం_రోడ్:
అంతా సరే, 9 జీబీ డేటాకి 190 జీబీ వాల్ ఎలా?

పాత_డీబీఏ:
పోస్ట్‌గ్రెస్ డేటాని పేజీలుగా రాసుకుంటుంది, ఒక పేజీ 8 కేబీ. చెక్‌పాయింట్ అయ్యాక ఆ పేజీలో మొదటి మార్పు జరిగితే మార్పొక్కటే కాదు, పేజీ మొత్తం వాల్‌లోకి వెళ్తుంది, కరెంటు పోయి పేజీ సగమే రాసినా బాగుచేసుకోడానికి. చెక్‌పాయింట్ డీఫాల్ట్‌గా 5 నిమిషాలకోసారి. కాటాలో అవే టేబుళ్లు రోజంతా మారుతుంటాయి కదా, అవే పేజీలు మళ్లీ మళ్లీ మొత్తంగా పడతాయి. చెక్‌పాయింట్_టైమౌట్ 15 నిమిషాలు, మ్యాక్స్_వాల్_సైజ్ 4 జీబీ చేసి, వాల్_కంప్రెషన్ ఆన్ చేస్తే బాగా తగ్గుతుంది. క్రాష్ అయినప్పుడు లేవడానికి కాస్త ఎక్కువ టైం పడుతుంది, అంతే. కొంతమంది తెలివిగా ఇలా పేజీ మొత్తం రాయించే ఫుల్_పేజ్_రైట్స్ ఆపేస్తారు. మన కరెంటుకి ఆ తెలివి వద్దు.

అరగంటలో_ఫిక్స్:
రీసెట్‌వాల్ కొట్టినా లేచేదే.

నైట్‌షిఫ్ట్:
గమ్మునుండప్పా.

బ్యాకప్_మాస్టారు:
గుజ్జు_ఐటీ గారూ, ఇంతకీ రాత్రి డంప్ ఎక్కడ పెడుతున్నారు? ఆ 240 జీబీ డిస్క్ మీదేనా?

గుజ్జు_ఐటీ:
కాటా నడుస్తోంది, థ్యాంక్స్ అందరికీ. చేతి చీటీలు ఎక్కించాలి, తర్వాత వస్తా.

బ్యాకప్_మాస్టారు:
నేనడిగినదానికి జవాబు రాలేదు.

శ్రీకాళహస్తి_స్టోర్స్:
మా దగ్గర కూడా పీజీ_వాల్ పెరుగుతోంది, కానీ స్లాట్లేమీ లేవు. ఆర్కైవ్ వేరే డ్రైవ్‌లోకి వెళ్తుంది.

నైట్‌షిఫ్ట్:
పీజీ_స్టాట్_ఆర్కైవర్‌లో ఫెయిల్డ్_కౌంట్ చూడండి. డ్రైవ్ మౌంట్ అయిందో లేదో కూడా.