ఒక దేశం రీకాల్ చేసిన వస్తువును మిగతా దేశాలూ ఆపేయాలా?

తూనికరాయి:
ఆపేయాలనే నా వాదన. ఫర్నిచర్ కంపెనీ ఐకియా సంగతే చూడండి. సొరుగుల బీరువాలు గోడకు బిగించకపోతే పిల్లల మీదకు ఒరిగిపోతున్నాయని 2016 జూన్‌లో అమెరికాలో 2.9 కోట్లు రీకాల్ చేసింది. చైనాలో మాత్రం స్థానిక ప్రమాణాలకు తగ్గట్టే ఉన్నాయంటూ ఊరుకుంది. అక్కడ గొడవ ముదిరాక జులైలో ఇంకో 17 లక్షలు. సొరుగు పట్టుకుని ఎక్కే పిల్లవాడు ఏ దేశంవాడైతేనేం?

రేవుగాలి:
బీరువాకు సరే, దాన్నే అన్నిటికీ రూలు చేస్తే ఎలా? 230 వోల్టుల దగ్గర కాలిపోయే ఛార్జరు 120 దగ్గర నిక్షేపంగా పనిచేయొచ్చు. రంగుల్లో సీసం చూడండి: అమెరికాలో పరిమితి 600 పీపీఎం (పది లక్షల్లో 600 భాగాలు) ఉండేది, 2009లో 90కి దించారు. మర్నాటినుంచి ప్రపంచమంతా సరుకు ఆపేయాలా? భద్రత పేరు చెప్పి పక్కవాడి సరుకును రేవులోనే నిలబెట్టేవాళ్లకు లోటు లేదు. ప్రపంచ వాణిజ్య సంస్థ టీబీటీ (వాణిజ్యానికి సాంకేతిక అడ్డంకుల) ఒప్పందంలో అవసరానికి మించి వాణిజ్యాన్ని అడ్డుకోకూడదని రాసుకున్నది అందుకే.

తూనికరాయి:
శాశ్వతంగా అనలేదండీ. ఎవరి పరీక్ష వాళ్లు తేల్చుకునేదాకా.

రేవుగాలి:
తేలేదాకా అంటే ఎన్ని నెలలు? చిన్న దిగుమతిదారు ఈలోపే దుకాణం కట్టేస్తాడు.

గూటిపడవ:
మీ ఇద్దరూ రీకాల్ అయ్యాక ఏం చేయాలో కొట్టుకుంటున్నారు. అసలు చిక్కు అంతకుముందుది. ఎక్కువగా ధనిక దేశాలుండే కూటమి ఓఈసీడీ 2012లో పెట్టిన గ్లోబల్ రీకాల్స్ పోర్టల్లో కనిపించేవి బహిరంగంగా ప్రకటించినవే. ఫిర్యాదులూ ల్యాబు రిపోర్టులూ అంతకు ఎంతో ముందునుంచే ఏదో ఆఫీసు ఫైల్లో పడుంటాయి. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా చట్టం 6(బి) సెక్షన్ ప్రకారం, ఫలానా వస్తువని తెలిసేలా సమాచారం బయటపెట్టాలంటే ముందు తయారీదారుకు చెప్పి, జవాబుకు గడువివ్వాలి. పరాయి ప్రభుత్వాలతో గోప్యంగా పంచుకునే దారి 2008 సవరణతో తెరుచుకుంది. ఐరోపా సమాఖ్య, కెనడా కూడా 2018లో సమాచార మార్పిడికి ఏర్పాటు చేసుకున్నాయి. ఇలా ఇద్దరిద్దరు కాకుండా అందరూ చేసుకుంటే ఎవరి ప్రమాణంతో వాళ్లే తేల్చుకోవచ్చు, అదీ పిల్లలకు దెబ్బ తగలకముందు.

రేవుగాలి:
దీనికి ఒప్పుకుంటా. మరి ఆన్‌లైన్ పార్సిళ్లు? లిస్టింగ్ తీసేస్తే ఇంకో పేరుతో వస్తుంది, అమ్మేవాడే దొరకడు.

గూటిపడవ:
ఐరోపాలో 2024 డిసెంబరు 13 నుంచి అమలైన నిబంధనల్లో దానికో జవాబుంది. సమాఖ్య లోపల జవాబుదారీగా ఒకరు ఉండాలి, పేరూ చిరునామా పెట్టెమీదో వెంటవచ్చే కాగితంమీదో కనపడాలి.

తూనికరాయి:
ఆ చిరునామాలో మనిషి ఉన్నాడో లేదో ఎవరు వెళ్లి చూస్తున్నారు?