పిక్నిక్‌కి సిరామిక్ గ్రిల్: ఎన్ని అంగుళాలది కొనాలి?

సామాన్ల బాధ్యత:
అందరికీ నమస్కారమండి. మన సంఘం సెప్టెంబరు పిక్నిక్‌కి పేర్లిచ్చిన వాళ్లు అరవై దాటారు. పోయినేడు అద్దెకి తెచ్చిన గ్రిల్‌లో గ్యాస్ సగంలో అయిపోయి ఎంత గొడవైందో తెలుసు కదా. ఎలాగూ మా ఇంటికి సిరామిక్ బొగ్గుల గ్రిల్ కొంటున్నాం, ఆ గుడ్డు ఆకారంలో ఉండేది. సంఘానికీ అక్కరకొస్తుందని 24 అంగుళాలది తీసుకుందామనుకుంటున్నాను. ఇంట్లో మేం నలుగురం. వంటల అన్నయ్య సెలవుకి ఇండియాలో ఊరెళ్లారు, అయినా చూసి ఒక మాట చెప్పాలి. తగ్గింపు ధర రేపటితో ఆఖరు.

రవాణా:
24 తీసుకో బావా. పెద్దదాంట్లో కొంచెం వండుకోవచ్చు, చిన్నదాంట్లో ఎక్కువ వండలేం కదా. వ్యాన్ నాది.

వంటల బాధ్యత (అమలాపురం నుంచి):
తమ్ముడూ, ఆగు. గోదారికి ఎర్రనీళ్లొచ్చాయి, ఇక్కడ కరెంటు వచ్చి పోతోంది, అందుకే జవాబు ఆలస్యం. పులస తిన్నావా అని ఎవరూ అడగొద్దు, ధర విని వెనక్కొచ్చేశాను.

ముందు ఈ గ్రిల్స్ చేసే కంపెనీలు సైజులకి పెట్టే పేర్లు మర్చిపో. బిగ్ గ్రీన్ ఎగ్ వాళ్లు ‘లార్జ్’ అనేది 18 అంగుళాల పైచిలుకు. దానిపైన ఎక్స్‌ఎల్ ఉంది, ఇంకా పైన డబుల్ ఎక్స్‌ఎల్ ఉంది. కమాడో జో వాళ్లు 18 అంగుళాలదాన్ని ‘క్లాసిక్’ అంటారు, 24ని ‘బిగ్ జో’ అంటారు. కాబట్టి అంగుళాల్లోనే మాట్లాడుకుందాం. ఆ అంగుళాలు లోపలి ఇనప జాలీ అడ్డకొలత. గుండ్రటిది కాబట్టి లెక్క మోసం చేస్తుంది: 13 అంగుళాలకి సుమారు 133 చదరపు అంగుళాల చోటు, 18కి 254, 24కి 452. ఆరంగుళాలు పెరిగితే చోటు ముప్పాతిక వంతు పైనే పెరుగుతుంది. నీకు 24 నచ్చింది అందుకే, నాకు తెలుసు.

ఇప్పుడు పిక్నిక్ లెక్క చూడు. మనిషికి రెండు కోడికాళ్లనుకుంటే 120 ముక్కలు. 18 అంగుళాల దాని మీద ఇరుకు లేకుండా ఇరవై పడతాయి, ఒక్కో వాయికి ముప్పావుగంట. ఆరు వాయిలు, నాలుగున్నర గంటలు. 24 అయితే ముప్ఫై అయిదు పడతాయి, నాలుగు వాయిలు, మూడు గంటలు. అంటే అంత డబ్బు పోసినా జనం ప్లేట్లు పట్టుకుని నిలబడాల్సిందే. ఏ సైజూ అరవై మందికి సరిపోదు తమ్ముడూ. ఇది ఇంటి పొయ్యి. పెళ్లికి గాడిపొయ్యి తవ్వుతారు గానీ, పెళ్లి ఉందని ఇంట్లో పొయ్యి సైజు పెంచుతారా?

నిన్న అమ్మ అటక మీద నుంచి పాత కుంపటి దింపించింది. కింద గాలికి చిన్న నోరు, పైన బొగ్గులు, చేతిలో విసనకర్ర. నీ గ్రిల్ కూడా అంతే, కాకపోతే మందం ఎక్కువ, పైన మూత. ఇలాంటి గ్రిల్‌ని కమాడో అంటారు, కమాడో అంటే జపాన్‌లో పొయ్యే మరి. కింద గాలి నోరు, పైన మూతకి ఇంకో నోరు, ఈ రెండింటితోనే మంట నడుస్తుంది. మందపాటి మట్టి వేడిని పట్టేస్తే ఒక పట్టాన వదలదు. వేడి ఎక్కించడం తేలిక, దించడమే కష్టం. 350 డిగ్రీల ఫారన్‌హీట్ కావాలనుకుని 500 దాటిస్తే గంటసేపు కూర్చోవాల్సిందే. అందుకే కావాల్సిన వేడి ఇంకా కొంచెం దూరంలో ఉండగానే నోళ్లు బిగించాలి.

ఆ గుణం వల్లే దాన్ని పార్కుకి తేవొద్దంటున్నాను. భోజనాలయ్యాక రెండు నోళ్లూ మూసేస్తే బొగ్గు ఆరిపోతుంది, మిగిలింది మళ్లీ పనికొస్తుంది, అది మంచిదే. కానీ కుండ మాత్రం గంటల తరబడి కాలుతూనే ఉంటుంది. సాయంత్రం పార్కు మూసేవేళకి ఆ వేడిగుండాన్ని వ్యాన్‌లో పెడతావా? పోనీ నీళ్లు పోద్దామంటే పెటేల్మని పగులుతుంది. రెండేళ్ల క్రితం మన పిజ్జా రాయి గతి ఏమైందో గుర్తుందిగా. పోసింది ఎవరో ఇక్కడ రాయను, వ్యాన్ ఉన్నాయనకి తెలుసు.

రవాణా:
ఆయ్, తెలుసండి. సరే గానీ బరువెంతుంటుంది?

వంటల బాధ్యత:
18 అంగుళాలది ఇంచుమించు మన ధాన్యం బస్తా, 75 కిలోలకి కాస్త అటూ ఇటూ. 24 అయితే వంద కిలోలు, స్టాండు కాకుండానే. బస్తా జారితే ధాన్యం ఎత్తుకుంటాం, ఇది జారితే చిప్పలు ఏరుకోవాలి. మోసుకు తిరగడానికి 13 అంగుళాలది ఉంది, దాని మీద నలుగురికి మించి వండలేం.

సామాన్ల బాధ్యత:
అయితే 13 చాలా మా ఇంటికి? ధర కూడా కలిసొస్తుంది.

వంటల బాధ్యత:
చాలదు. నువ్వు రోజూ కోడికాళ్లే కాల్చుకుంటావా? మినపరొట్టె సంగతి ఆలోచించు. అమ్మ మందపాటి గిన్నెలో పిండి పోసి, కింద సన్నసెగ, మూత మీద నిప్పులు పెట్టేది. పైనా కిందా సమానంగా కాలేది. ఆ నిప్పుల పని ఈ గ్రిల్‌లో మూతే చేస్తుంది. మంటకీ జాలీకీ మధ్య అడ్డుపలక పెట్టి, 350 దగ్గర నిలిపితే, వేడిగాలి మూతకి తగిలి పైనుంచి కాలుస్తుంది. అయితే గిన్నె చుట్టూ గాలి తిరగడానికి సందు ఉండాలి. పదంగుళాల ఇనప మూకుడు 13 అంగుళాల దాంట్లో పెడితే చుట్టూ ఒకటిన్నర అంగుళం మిగులుతుంది, పైన తెల్లగా, కింద మాడి వస్తుంది. 18లో నాలుగంగుళాలు మిగులుతుంది. నలుగురున్న ఇంటికి, నలుగురు చుట్టాలొచ్చినా, 18 సరిపోతుంది. ఇద్దరే అయితే 15 చూడమనేవాణ్ణి.

ఇంకో రెండు మాటలు. కిరసనాయిలు లాంటి ద్రవాలు పోసి వెలిగించకు, ఆ వాసన మట్టి పీల్చేసుకుని నెలల తరబడి కూరకి పట్టిస్తుంది. పొడిని అచ్చుపోసి చేసే అచ్చుబొగ్గు (బ్రికెట్స్) వద్దు, బూడిద ఎక్కువై గాలి నోరు మూసుకుపోతుంది, చెక్కబొగ్గే వాడు. వేడి మీదున్నప్పుడు మూత ఒక్కసారిగా ఎత్తకు. రెండంగుళాలెత్తి, గాలి ఆడనిచ్చి, తర్వాత తియ్యి. లేకపోతే మంట మొహం మీదకొచ్చి కనుబొమలు పోతాయి.

శాకాహారం బాధ్యత:
బాబూ, మొక్కజొన్న పొత్తులు కోళ్లు కాల్చిన జాలీ మీద పెడితే నేను ముట్టను. ముందే చెబుతున్నాను.

వంటల బాధ్యత:
మీకు వేరే గ్రిల్ అండి పిన్నిగారూ. చీటీ కూడా అంటిస్తాను.

ఖజానా:
మరి అరవై మందికి దేని మీద వండుతున్నట్టు?

వంటల బాధ్యత:
పార్కులో పాతేసి ఉన్న ఇనప గ్రిల్స్ నాలుగు మన షెల్టర్ పక్కనే ఉన్నాయి. మూడింటి మీద కోడి, ఒకటి పిన్నిగారికి. బొగ్గుల ఖర్చే సంఘానిది. ముక్క లోపల 165 డిగ్రీల ఫారన్‌హీట్ వచ్చిందో లేదో గుచ్చి చూడ్డానికి రెండు థర్మామీటర్లు కొనండి, రంగు చూసి తీసెయ్యొద్దు. తమ్ముడు పొద్దున్నే తన ఇంట్లో 18 మీద నాలుగు మినపరొట్టెలు కాల్చి, కోసి, గుడ్డలో చుట్టి తెస్తాడు. సంఘం వాటా అదే.

సామాన్ల బాధ్యత:
18కే ఆర్డర్ పెట్టేశాను అన్నయ్యా. వరుసగా నాలుగంటే నాలుగింటికే లేవాలి. రొట్టెలోకి చెరకు పానకం ఇక్కడ దొరకదు.

వంటల బాధ్యత:
రెండు సీసాలు తెస్తాను. విమానానికి రెండు పెట్టెలూ ఇప్పటికే 23 కిలోల హద్దు దాటాయి, అమ్మ ఆవకాయ జాడీ ఒకటి తీసేయాలి. ఏది తీస్తున్నానో అమ్మకి మాత్రం చెప్పొద్దు.